ఆది

బ్రాడీపేట నాలుగో లైన్లో ఇరవై రెండేళ్ళుగా
టేపు మెడలో వేసుకునే బతికాను.
ఊళ్ళో సగం భుజాలు నా నోటుబుక్కులో ఉన్నాయి:
పదమూడున్నర, పద్నాలుగు, పద్నాలుగుంపావు.
పేర్లు మర్చిపోతాను, చంకలు మర్చిపోను.

అలాంటి నాగూర్‌బీని, నలభై ఆరో ఏట,
కొత్తపేట సైకిలు షాపులో
'మీ సైజెంత మేడమ్' అని అడిగితే
నోరు తెరుచుకుని నిలబడ్డాను.

'ఆది తెచ్చావా అమ్మా' అనడం నా అలవాటు.
సైకిలుకి ఆది ఎక్కణ్ణుంచి తెచ్చేది?
మా అన్న జిలానీ సైకిలొకటి ఉండేది.
బారు కింద నుంచి కాలు దూర్చి, అడ్డతొక్కుడు తొక్కి
ఏటుకూరు రోడ్డు దాకా ఒరిగి ఒరిగి పోయేదాన్ని.
దాని మచ్చ ఎడమ మోకాలి కింద ఇంకా ఉంది.
కొలత మాత్రం లేదు.

'లేడీస్ మోడలుంది, ముందు బుట్ట కూడా వస్తుంది'
అన్నాడు షాపు కుర్రాడు చెన్నకేశవ.
నేను కొండవీడు ఎక్కాలన్నాను.
ఘాట్ రోడ్డు మీద బుట్టలో ఏం పెట్టుకోను,
హుక్కుల పొట్లాలా?
వాడు నన్ను తల నుంచి చెప్పుల దాకా చూసి
పదిహేడు ఇంచుల ఫ్రేము ముందుకు తోశాడు.
మూడు వేలు తగ్గింపు. నిన్ననే బిగించారట.
ఎక్కి నిలబడ్డాను,
మునివేళ్ళ మీద.
పై గొట్టం ఎక్కడ తగిలిందో
వాడికి చెప్పలేను, మీకు చెప్పక్కర్లేదు.

'సీటు దించేస్తే సరిపోద్ది మేడమ్.'

ఈ మాట నాకు తెలుసు.
పండగ ముందు, తెల్లారేసరికి
ఇరవై జాకెట్లు ఇవ్వాల్సిన రాత్రి నేనే అన్నాను.
నడుం వదులైతే బిగించొచ్చు, చెయ్యి పొడుగైతే మడవొచ్చు,
భుజం తప్పితే మాత్రం ఆ గుడ్డ ఇంక ఆమెది కాదు.
సీటు దించితే కాళ్ళు అందుతాయి, సరే,
హ్యాండిలు నా దగ్గరికి నడిచొస్తుందా?
కొండ మలుపులో చేతులు చాపి చాపి
జారే పైట సర్దుకున్నట్టు
నన్ను నేను సర్దుకుంటూ పోవాలా?
పైగా గుడ్డకైతే లోపల అంగుళం వదుల్తాం,
రేపు ఒళ్ళొస్తే విప్పుకోడానికి.
అల్యూమినియానికి లోకుట్టు లేదు.

'కొలువు' అన్నాను.
కాలి లోపలి కొలత, మడమ నుంచి పైదాకా.
వాడు టేపు పట్టుకుని ఎర్రబడ్డాడు.
వాడిది మా తస్లీమా వయసు.
నా ముందు ఎంతమంది ఆడవాళ్ళు
గోడ వైపు చూస్తూ బిగుసుకుని నిలబడ్డారో
ఒక్కసారిగా గుర్తొచ్చారు.
'ఊపిరి వదులు తల్లీ, లేకపోతే కొలత అబద్ధమాడుద్ది'
అని కసిరేదాన్ని వాళ్ళని.

వాడి చేతిలో టేపు లాక్కుని
టైర్లు వేలాడే వెనక గదిలోకి పోయాను.
చెప్పులు విడిచి, గోడకి వీపానించి
వాళ్ళ బిల్లుబుక్కునే కాళ్ళ మధ్య అడ్డంగా పైకి నొక్కి
గోడ మీద పెన్సిలు గీత గీశాను.
ఊపిరి వదిలి మళ్ళీ గీశాను.
ఇరవై ఎనిమిది.

పదిహేను ఇంచులది విజయవాడ గోడౌన్లో ఉందట.
తొమ్మిది రోజులు ఆగాలి, తగ్గింపు రాదు.
'రెండంగుళాలేగా మేడమ్, ఏం తేడా?'
రెండంగుళాలు!
రెండంగుళాలకి పెళ్ళికూతుళ్ళు
నా కొట్లో స్టూలు మీద కూర్చుని ఏడ్చారు నాయనా.

పదో రోజు దాని మీద నిలబడితే
పాదాలు రెండూ నిండుగా నేల మీదున్నాయి.
గొట్టానికీ నాకూ మధ్య మూడు వేళ్ళ సందు.
హ్యాండిలు పట్టుకుంటే మోచేతులు
మిషను ముందు వంగినంతే వంగాయి.
చెన్నకేశవ గేర్లు మార్చడం చూపించాడు.
బుట్ట సంగతి ఎత్తలేదు.

ఆదివారం చీకటితోనే పేరేచర్ల దాటాను, ఫిరంగిపురం దాటాను.
కొండవీడు మూడో మలుపులో రొప్పుకుంటూ దిగి
సీతాఫలం చెట్ల పక్కన దాన్ని నెట్టుకుంటూ నడిచాను.
అది కొలత తప్పు కాదు.